విసుర్రాయి పాట వెదకుచు మాచునూరునకు

మా వెలిమెలలో ఇప్పుడు తెల్లవారుజామున మొదట వినవచ్చునది కోడికూత కాదు. దూరమున వలయ రహదారి మీద పోవు లారీల రొద. ఒకప్పుడు ఈ వేళకు ఇంటింట విసుర్రాళ్లు తిరుగుచుండెడివని మా అత్తగారు చెప్పుదురు. ఆమె కాపురమునకు వచ్చిన నాళ్లలో ఊరి చుట్టును జొన్నచేలు, కందిచేలు, నడుమనడుమ చింతచెట్లు ఉండెడివట. నేడు ఆ చేలలో సరిహద్దు రాళ్లు నాటబడినవి. కొన్నింట మేడలు లేచినవి, కొన్నింట గోడలు మాత్రము లేచి లోపల గడ్డి పెరుగుచున్నది. పిండి మరనుండి వచ్చును. అదియు తరచు సంచిలో కట్టబడి అంగడినుండియే వచ్చును. మా ఇంటి విసుర్రాయి పైదిమ్మ దొడ్డిలో తులసికోట చెంత బోర్లించి యున్నది. దాని నడిమి రంధ్రములో మా చిన్నది ఒక పూలమొక్క నాటినది.

కొన్నేండ్ల క్రిందట ఒకనాడు ఆ చిన్నది బడినుండి వచ్చి, నాయనమ్మను పాట చెప్పుమని పట్టుకొనెను. ఇంటి పెద్దల పాట నొకదానిని వ్రాసికొని రమ్మని బడిలో చెప్పిరట. అత్తగారు కొంతసేపు సిగ్గుపడి, తరువాత గోడకు జారగిలబడి విసుర్రాయి పాట ఎత్తుకొనిరి. అత్తవారింట నున్న ఆడుబిడ్డ పండుగకు తనను పిలువవచ్చు అన్న కొరకు బాట చూచెడి పాట అది. పాడుచున్నంతసేపు ఆమె కుడిచేయి తనకు తెలియకయే గాలిలో గుండ్రముగా తిరుగుచుండెను. అన్న ఊరి పొలిమేర దాటి వచ్చెడి ఘట్టము కాడికి పాట తెగిపోయెను. మరల మొదటినుండి ఎత్తుకొనిరి. మరల అచ్చటనే తెగెను.

“ఇంక శానా ఉన్నది బిడ్డా, యాదికొస్తలేదు. రాయి చేతిల ఉన్నప్పుడు అదే వస్తుండె. పని లేకుంటె పాటెట్ల వస్తది?” అనిరి.

పిల్ల అంతవరకే వ్రాసికొని పోయెను. నాకు మాత్రము ఆ మాట మనసులో నాటుకొనెను. సగము పాట ఎచ్చటికి పోయినది? ఆమెకు తోడుగా పాడినవారు కొందరు గతించిరి, కొందరు పొలములమ్మి ఊరు విడిచిరి. నాకు అప్పుడు జ్ఞప్తికి వచ్చినది మా జిల్లా పడమటి అంచుననున్న మాచునూరు. అచ్చట పొలము పని చేసికొను స్త్రీలే ఒక రేడియో కేంద్రమును నడుపుచున్నారనియు, ఇట్టి పాటలు అందులో వినవచ్చుననియు చదివియుంటిని. మాఘమాసములో ఒకనాడు అత్తగారిని, చిన్నదానిని వెంటబెట్టుకొని బయలుదేరితిని.

వెలిమెలనుండి మొదట పటాన్‌చెరు చేరవలెను. పటాన్‌చెరు ఈనాటి కర్మాగారముల పేటగా మాత్రమే మనకు తెలియును గాని, అది కల్యాణి చాళుక్యులనాడు పొట్టలకెరె అను పేరున వెలసిన పాత ఊరు. బస్సు ఆ ఊరు చేరులోపలనే మందుల వాసన, ఇనుప వాసన, పొగ మనలను పలుకరించును. అయినను అచ్చటనే మరియొక వింత కలదు. మెట్టపంటల పరిశోధనకై 1972లో నెలకొల్పబడిన అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్ ఆవరణము అచ్చట నున్నది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ అను పంటలమీద అచ్చట శాస్త్రజ్ఞులు పని చేయుదురు. నానా దేశములనుండి తెచ్చిన వేలకొలది రకముల విత్తనములను చల్లని గదులలో పదిలపరచియున్నారు. ఈ సంగతి నేను చెప్పగా అత్తగారు కిటికీలోనుండి ఆ పొడవైన ప్రహరీని చూచుచు, “గింజను చల్లగ దాస్తె దాస్తరు గని, ఏండ్లకొక్కసారన్న మన్నుల వెయ్యాలె గద!” అనిరి. శాస్త్రజ్ఞులును అట్లే చేయుదురు. దాచిన విత్తును కొంతకాలమునకు మరల నాటి క్రొత్త గింజ తీయకున్న అది మొలకెత్తు శక్తిని కోల్పోవును. ఆ మాట ఆ దినమంతయు నాకు పలుమారు జ్ఞప్తికి వచ్చెను.

అక్కడనుండి బొంబాయి దారి పట్టితిమి. ఇస్నాపూర్, రుద్రారము, కంది, సంగారెడ్డి, సదాశివపేట దాటినకొలది పొగగొట్టములు తగ్గి చేలు కనబడసాగెను. సదాశివపేట దాటిన పిమ్మట భూమి రంగే మారును. కొన్నిచోట్ల నల్లరేగడి, కొన్నిచోట్ల ఇటుకపొడివలె ఎర్రనైన గరుసునేల. కోహీరు జామపండ్లు దారిప్రక్క గంపలలో అమ్ముచుండిరి. జహీరాబాదు చేరునప్పటికి మధ్యాహ్నమయ్యెను. అది తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ ఒక్క అంగడిలోనే వినవచ్చు సరిహద్దు పట్టణము. అచ్చట మా దూరపు బంధువుల ఇంట భోజనము చేసి, రాత్రికి మరల వారి ఇంటికే వచ్చునట్లు ఏర్పాటు చేసికొంటిమి.

ఈ రేడియో కథ రేడియోతో మొదలు కాలేదు, గింజతో మొదలైనది. కావున ముందు ఆ గింజ కథ చెప్పవలసియున్నది.

జహీరాబాదును ఆనుకొనియున్న పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అను సంస్థ 1983లో ఆరంభమయ్యెను. దానిని స్థాపించినవారిలో ముఖ్యులు పి. వి. సతీశ్. ఆయన పూర్వము దూరదర్శన్‌లో కార్యక్రమములు తయారుచేసినవారు. 2023 మార్చి నెలలో గతించిరి. ఈ సంస్థ ఊరూరను పేద స్త్రీలను సంఘములుగా కూర్చెను. సంఘ సభ్యులలో మిక్కిలి భాగము దళిత కుటుంబముల వారు. వారికి ఎకరమో రెండెకరములో గరుసునేల ఉండెడిది గాని, పంట రాదని బీడు పెట్టి కూలికి పోవుచుండిరి. చౌకదుకాణమున బియ్యము వచ్చుటతో జొన్న, కొర్ర, సామ, తైదలు తినుట నామోషీ అనిపించుకొనెను. తినువారు తగ్గగా విత్తువారు తగ్గిరి. విత్తువారు తగ్గగా విత్తనములు ఇండ్లనుండి మాయమగుచు వచ్చెను.

సంఘముల స్త్రీలు ఆ బీళ్లను మరల దున్నిరి. ఎవరి ఇంటనో అటుకమీద కుండలో మిగిలిన విత్తనము అడిగి తెచ్చుకొనిరి. ఒకరు విత్తనము బదులు తీసికొన్న, పంట వచ్చిన పిమ్మట రెండింతలు సంఘమునకు తిరిగి ఇయ్యవలెను. అట్లు ఊరూర విత్తనపు కొట్లు ఏర్పడినవి. విత్తనమును వేపాకు, బూడిద కలిపి బుట్టలలో పోసి, మట్టితో, పేడతో మూతి అలికి దాచుదురు. ఒకే చేనిలో జొన్న నడుమ కంది, కందిప్రక్క అనుము, అంచున కుసుమ అని పది, పదునైదు పంటలు కలిపి వేయుదురు. ఒకటి ఎండిన ఒకటి నిలుచును. ప్రతి సంవత్సరము సంక్రాంతి మొదలు నెల దినములు ఈ విత్తనములను ఎడ్లబండ్లమీద అలంకరించి, ఊరూర డప్పులతో, పాటలతో ఊరేగించు పాత పంటల జాతర కూడ ఈ సంఘములు ఏర్పాటు చేసినదే.

జొన్న తిరిగి చేనికి వచ్చుటతో కలుపు తీయుట వచ్చెను. కలుపు తీయుటతో కలుపు పాట వచ్చెను. కొర్రలు దంచవలసివచ్చుటతో రోకటి పాటయు, పప్పు విసురవలసివచ్చుటతో విసుర్రాయి పాటయు నిలిచినవి. ఆ పాటల కొరకు ఎవ్వరును ప్రత్యేకముగా ప్రయత్నింపలేదు. పనితో వచ్చినవి, పనితో మిగిలినవి. మా అత్తగారి మాటకు నాకు దొరికిన మొదటి సాక్ష్యము ఇదియే.

మాచునూరు ఝరాసంగము మండలములోని గ్రామము. ఇంత దూరము వచ్చి కేతకీ సంగమేశ్వరుని చూడక పోరాదని అత్తగారు పట్టుబట్టగా, ముందు ఝరాసంగము వెళ్లితిమి. కేతకి యనగా మొగలిపువ్వు. మొగలిపువ్వు బ్రహ్మ పక్షమున అబద్ధపు సాక్ష్యము చెప్పినదనియు, అందువలన శివపూజకు పనికిరాకుండ శపింపబడినదనియు మనమందరము వినినదే. ఈ క్షేత్రములో మాత్రము స్వామి ఆ పువ్వును స్వీకరించునని స్థానికులు చెప్పుదురు. అన్ని గుళ్లలో వెలియైన పువ్వు ఇచ్చట స్వామి పేరులోనే నిలిచినది. గుండములోని నీరు చల్లుకొని, గట్టున కొంతసేపు కూర్చుండి మాచునూరు బాట పట్టితిమి.

మాచునూరు పెద్ద ఊరు కాదు. చేల నడుమ రేడియో స్తంభము దూరమునుండియే కనబడును. దగ్గరనే పచ్చసాల అను పాఠశాల కలదు. అందులో పిల్లలకు చదువుతోపాటు వ్యవసాయము, కుండలు చేయుట, వడ్రంగము వంటి చేతిపనులు కూడ నేర్పుదురు. రేడియో కేంద్రము పేరు సంగం రేడియో. ‘సంగం’ అనగా ఇచ్చటి వాడుకలో స్త్రీల సంఘమే. సంగమేశ్వరుని మండలములో సంగం రేడియో అని విని మా అత్తగారు మిక్కిలి సంతోషించిరి.

ఇప్పుడు దీని చరిత్ర కొంత చెప్పెదను. మన దేశమున గాలిలోనికి మాటను పంపు హక్కు చాలకాలము ప్రభుత్వమునకే చెల్లియుండెను. 1885 నాటి టెలిగ్రాఫు చట్టము దానికి ఆధారము. హైదరాబాదులో 1935లో నిజాము ప్రభుత్వపు రేడియో ప్రసారములు మొదలైనవి. 1950లో ఆ కేంద్రము ఆకాశవాణిలో కలసెను. మద్రాసు కేంద్రము 1938లోను, విజయవాడ కేంద్రము 1948లోను ఏర్పడినవి. మన అమ్మమ్మలు ఆ కేంద్రములనుండి కచ్చేరీలు, నాటకములు, స్త్రీల కార్యక్రమములు విని ఎంతయో ఆనందించిరి. జానపద గేయములకును అందు చోటు లేకపోలేదు. అయినను అచ్చటి భాష చదువుకొన్నవారి భాష. ఏది వినదగినదో నిర్ణయించువారు పట్టణమున నుండిరి. జహీరాబాదు గరుసునేలలో కలుపు తీయు స్త్రీ ఆ పెట్టెలో వినెడిదే గాని, ఆ పెట్టెలో వినబడెడిది కాదు.

ఆ తలుపు తెరచుకొన్న విధము విచిత్రమైనది. 1993లో క్రికెట్టు పందెములను ప్రసారము చేయు హక్కు ఎవరిదని బెంగాలు క్రికెట్టు సంఘమునకును, కేంద్ర ప్రభుత్వ శాఖకును తగవు వచ్చెను. అది సుప్రీం కోర్టునకు ఎక్కెను. 1995 ఫిబ్రవరిలో తీర్పు చెప్పుచు న్యాయమూర్తులు, గాలిలోని తరంగములు ప్రజల ఆస్తియని నిర్ణయించిరి. ఆ ధర్మాసనమున పి. బి. సావంత్‌గారును, మన తెలుగువారైన బి. పి. జీవన్‌రెడ్డిగారును ఉండిరి. క్రికెట్టు తగవునుండి పుట్టిన ఈ మాట కొన్నేండ్లకు జొన్నచేలలోని స్త్రీలకు అక్కరకు వచ్చినది.

తీర్పు వచ్చినంత మాత్రమున అనుమతి రాలేదు. పస్తాపూర్ సంఘముల స్త్రీలు తమకు సొంత రేడియో కావలెనని కోరగా, ఐక్యరాజ్య సమితి విద్యా సాంస్కృతిక సంస్థయైన యునెస్కో సహాయముతో 1990 తరువాతి దశకము చివర మాచునూరులో శబ్దగ్రహణపు గది ఏర్పడెను; యంత్రములు వచ్చెను. అమ్మాయిలు వానిని త్రిప్పుట నేర్చుకొనిరి. ప్రసారము చేయుటకు మాత్రము అనుమతి లేదు. 2000 సంవత్సరములో దేశములోని పలువురు రేడియో అభిమానులు హైదరాబాదులోను, పస్తాపూర్‌లోను కూడి, లాభాపేక్ష లేని సమాజ రేడియోలకు అనుమతి యొసగవలెనని కోరుచు ఒక ప్రకటన చేసిరి. దానికి పస్తాపూర్ పేరే నిలిచినది. 2002 చివర ప్రభుత్వము విద్యాలయములకు అనుమతి ఇచ్చెను. 2004లో మద్రాసు అన్నా విశ్వవిద్యాలయపు రేడియో మొదలయ్యెను. చదువుల యిండ్లకు వచ్చిన అనుమతి చేలకు రాలేదు.

ఇల్లు కట్టి, పొయ్యి వేసి, నిప్పు లేక కూర్చున్నట్లు పది సంవత్సరములు గడచినవి. కాని ఆ స్త్రీలు ఊరక కూర్చుండలేదు. పాటలను, మాటలను క్యాసెట్లమీద పట్టిరి. ఆ క్యాసెట్లను ఊరూర సంఘములకు తీసికొనిపోయి, రాత్రి సంఘము కూడినప్పుడు పెట్టి వినిపించిరి. వినినవారు అది బాగున్నదనిరి, ఇది మా ఊరిలో వేరుగా పాడుదురనిరి, ఆ వైద్యము మా తల్లి ఇట్లు చేసెడిదనిరి. ఆ మాటలు మరల క్యాసెట్టు ఎక్కినవి. గాలిలో పోవలసిన రేడియో కాలినడకన తిరిగినది.

తుదకు 2006లో స్వచ్ఛంద సంస్థలకును అనుమతి ఇచ్చునట్లు ప్రభుత్వము విధానమును మార్చెను. 2008 అక్టోబరు 15న సంగం రేడియో గాలిలోనికి వచ్చెను. విద్యాలయములకు సంబంధింపని సమాజ రేడియోలలో భారతదేశమున ఇదియే మొదటిది. ఆ దినమును ఐక్యరాజ్య సమితి గ్రామీణ మహిళా దినముగా నిర్ణయింపగా, అది మొట్టమొదట జరుపబడినదియు ఆ 2008 అక్టోబరు 15ననే. రేడియోను ఆరంభించినవారు తరంగములు ప్రజలవని తీర్పు చెప్పిన ఆ సావంత్‌గారే. తాము విత్తిన విత్తు మొలచుట చూచు భాగ్యము అందరు న్యాయమూర్తులకు కలుగదు.

ఈ రేడియోను ముందు నిలిచి నడపినవారు ఇద్దరు నర్సమ్మలు. ఒకరిని జనరల్ నర్సమ్మ యనియు, ఇంకొకరిని అల్గోల్ నర్సమ్మ యనియు పిలుతురు. ఇద్దరును పేద దళిత కుటుంబముల వారు. మొదటి ఆమె పచ్చసాలలో చదివిన బాలిక. పట్టణమున పెద్ద చదువు చదివి వచ్చినవారు చేయు పనియని మనమనుకొను శబ్దగ్రహణము, కూర్పు, ప్రసారము అన్నియు వారే నేర్చి, తరువాతివారికి నేర్పిరి.

కేంద్రపు ఏర్పాటు మన ఇంటి దీపమునకు పోల్చి చెప్పిన సులభముగా తెలియును. ఎఫ్‌.ఎం. తరంగములు దీపపు వెలుగువలె ఇంచుమించు తిన్నగా పోవును. దీపమును ఎంత ఎత్తున నిలిపిన అంత దూరము వెలుగు పడును. నడుమ గుట్ట వచ్చిన నీడ పడును. సమాజ రేడియోల స్తంభము 30 మీటర్లకు మించరాదనియు, ప్రసార శక్తి సామాన్యముగా 100 వాట్లకు మించరాదనియు నియమము. మాచునూరు దీపపు వెలుగు చుట్టును నూరు ఊళ్ల వరకు పడును. పెట్టెలో 90.4 అను అంకె దగ్గర ముల్లు నిలిపిన అది పలుకును. కార్యక్రమములలో సగమైనను ఆ ప్రాంతమువారే తయారుచేయవలెనను నియమము కూడ కలదు. పరాయి పాటలు వేసికొని కాలము గడపు కేంద్రములకు ఇది భారము కావచ్చును. మాచునూరునకు అవసరమే లేని నియమము.

ప్రసారములకు ఏర్పరచుకొన్న వేళ రాత్రి ఏడు గంటలు మొదలు తొమ్మిది వరకు. ఎందుకనగా చేలనుండి వచ్చి, పొయ్యి వెలిగించి, పిల్లలకు పెట్టునప్పుడే స్త్రీకి చెవి తీరిక. చేతులకు తీరిక లేకున్నను చెవికి తీరిక ఉండును. విత్తనములు దాచు విధము, ఏ కార్తెలో ఏమి విత్తవలెనను సంగతి, పశువుల రోగములు, బాలింతకు పెట్టదగిన తిండి, చిరుధాన్యముల వంటలు, సామెతలు, కథలు, బతుకమ్మ పాటలు, పెండ్లి పాటలు, అన్నిటికంటె ఎక్కువగా పని పాటలు ఇందు వచ్చును. అన్నియు ఆ ఊళ్ల నుడికారముననే. పాడువారికి నేర్పుగల గొంతు ఉండవలెనను పట్టుదల లేదు. దగ్గు వచ్చిన దగ్గుదురు. వెనుక మేక అరచిన అరచును.

ఆ సాయంకాలము మాచునూరులో ఒక ఇంటి అరుగుమీద మేము కూర్చుంటిమి. ఇంటి ముదుసలి తన కోడలితో కందులు విసురుచుండెను. మేము వెలిమెలనుండి వచ్చితిమని విని, “గంత దూరంకెల్లి పాట కోసమొచ్చిండ్రా!” అని నవ్వెను. మా అత్తగారు మొదట మోమాటపడిరి. కొంతసేపటికి, “కొంచెం నన్ను గూసోనియ్యి అక్కా” అని కోడలిని లేపి, ఆమె చోట కూర్చుండి విసుర్రాయి పిడిని పట్టుకొనిరి. ఇద్దరు వృద్ధులు ఎదురెదురుగా ఒక్క పిడిని పట్టి త్రిప్పసాగిరి. కందులు పగులు చప్పుడులో అత్తగారు ఆ పాట ఎత్తుకొనిరి. అన్న పొలిమేర దాటి వచ్చు ఘట్టము వచ్చెను. నేను ఊపిరి బిగబట్టితిని. పాట ఆగలేదు.

ముందు సాగినది మా అత్తగారికి తెలిసిన తీరు కాదు, ఎదుట నున్న ముదుసలి తీరు. మాచునూరు పాటలో అన్న గుఱ్ఱము దిగి చెల్లెలి వాకిట నీళ్లకు నిలుచును. అత్తగారు రెండు చుట్లు విని, మూడవ చుట్టున, “మా దిక్కు గట్ల గాదు, అన్న బాయికాడనే ఆగుతడు!” అని గట్టిగా పలికి తన తీరు పాడిరి. మరచితిననుకొన్నది అంతయు వచ్చెను. ఇద్దరును ఒకరి తీరు నొకరు దిద్దుచు, నవ్వుచు, చాటెడు కందులు విసిరివేసిరి. మా చిన్నది వ్రాసికొనుట మాని నోరు తెరచి చూచుచుండెను.

పొద్దు క్రుంకెను. లోపల పొయ్యిమీద జొన్నరొట్టె కాలుచుండెను. ఏడు గంటలకు గూటిలోని రేడియో పలికెను. ఏ ఊరి స్త్రీయో పాడుచుండెను. కోడలు రొట్టె తట్టుచునే ఆ గొంతు ఏ ఊరివారిదో పోల్చి చెప్పెను. అన్నగారి చెల్లెలు ఎదురుచూచినట్లు పదేండ్లు ఎదురుచూచి తెచ్చుకొన్న రేడియో గూటిలో ఉప్పుడబ్బా ప్రక్కన ఇంటిదానివలె కూర్చున్నది.

తిరుగు ప్రయాణములో నేనొక దూరదేశపు కథను తలచుకొంటిని. అమెరికాలో నాష్‌విల్ అను పట్టణమున ఒక బీమా కంపెనీ 1925లో రేడియో కేంద్రమును పెట్టెను. ఆ సంవత్సరము నవంబరులో డెబ్బదియేడేండ్ల వృద్ధుడొకడు అందు పల్లెటూరి ఫిడేలు వాయించెను. వినినవారు ఇంకను కావలెనని ఉత్తరములు వ్రాసిరట. అదియే పెరిగి వారము వారము జరుగు పల్లె సంగీతపు సభగా జగత్ప్రసిద్ధమయ్యెను. దానివలన ఎందరో పేద గాయకులకు అన్నము దొరికెను, ఎన్నో పాటలు నిలిచినవి. అయితే క్రమముగా పాట పాడువారు వేరు, వినువారు వేరు అయిరి. పాట అమ్మెడి సరకయ్యెను. మాచునూరు పాట అట్టి కీర్తి ఎరుగదు. నేడు పాడిన ఆమె రేపు వినును. నేడు వినిన ఆమె రేపు పాడును. ఈ రెండింటిలో ఏది గొప్పయని నేను తీర్పు చెప్పలేను. మా అత్తగారి సగము పాట మాత్రము మాచునూరు విధముననే దొరకినది.

సోదరీమణులారా, మాచునూరు తరంగము మా వెలిమెల దాక రాదు. మా ఊరిలో ఆ ముల్లు త్రిప్పిన వేరు పలుకులు వినబడును. మా చేలు మరల జొన్నచేలు కావు. ఆ భ్రమ నాకు లేదు. ఊరు మారినందున మా పిల్లలకు బడి, ఉద్యోగము, వైద్యము దగ్గరైనవి. దానిని నేను కాదనను. కాని గింజ చల్లని గదిలో నున్నను అప్పుడప్పుడు మన్నులో పడవలెనను మాట పాటకును వర్తించును. చేతిలోని ఫోనున పాటను పట్టి దాచుట నేడు ప్రతి యింట సాధ్యమే. దాచుట మంచిదే. దాచిన పిమ్మట ఎవ్వరును పాడకున్న అది గదిలోని గింజయే.

మేము ఇల్లు చేరిన మరునాడు దొడ్డిలోని విసుర్రాయిని లేపి కడిగితిమి. చిన్నది తన పూలమొక్కను కుండీలోనికి మార్చుటకు కొంత అలిగి, తరువాత ఒప్పుకొనెను. ఇప్పుడు పదునైదు దినములకొకసారి ఆదివారమునాడు ఇంటికి వలయు పెసలో, కందులో విసురుదుము. మర కంటె ఆలస్యమే. చేతులు నొచ్చుటయు నిజమే. ఇరుగుపొరుగున బీహారునుండి, ఒడిస్సానుండి కర్మాగారపు పనికి వచ్చిన కుటుంబములున్నవి. రెండవ ఆదివారమే ఆ స్త్రీలలో నొకతె రాయి చప్పుడు విని తొంగిచూచి, వచ్చి అత్తగారి ఎదుట కూర్చుండి పిడి పట్టెను. ఆమె భాష మాకు రాదు, మా భాష ఆమెకు అంతంత మాత్రమే. ఆమె పాడిన పాటలోను ఎవరో ఎవరి కొరకో ఎదురుచూచుచున్నట్లే నాకు తోచెను.

“గామె పాట గూడ రాస్కో బిడ్డా” అని అత్తగారు మనుమరాలితో అనిరి.